పోయే చేతి అతుకు

నాలుగో డయోడు కాలు వంచి, బోర్డులో దూర్చి, పద్మశ్రీ గోడ గడియారం వైపు చూసింది. పదింబావు. ఇంకో ఆరు గంటలు కూడా లేవు. టంకం వేసే ఐరన్ కొసను తడి స్పాంజి మీద తుడిస్తే చుయ్‌మంది. అతుకు పెట్టింది. టంకంలోని రోజనం పొగ సన్నగా లేచి, ఆమె ముఖం దాకా రాకముందే టేబులు ఫాను గాలికి కిటికీలోంచి బయటికి పోయింది.

గవర్నరుపేటలో ఒక మందుల కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే ఆ గది. పైన సిమెంటు రేకులు, గోడల పొడుగునా ప్రాణం పోయిన రేడియోల చెక్కపెట్టెలు, మధ్యలో పొడుగాటి బల్ల. ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేసిన వెంకటప్పయ్యగారు, రేడియోలు మూలపడ్డాక బడిపిల్లలకు సైన్సు కిట్లు చేసి అమ్మడం మొదలుపెట్టారు. నీళ్ళ ట్యాంకు నిండితే అరిచే బెల్లు, చీకటిపడితే దానంతటదే వెలిగే దీపం, అలాంటివి. పద్మశ్రీ అక్కడ చేరి రెండేళ్ళు దాటింది. మనిషి సన్నగా ఉంటుంది. ఎడమచేతి బొటనవేలి పక్కన ఐరన్ తగిలి కాలిన మచ్చలు వరుసగా, చిన్న చుక్కల ముగ్గు పెట్టినట్టు ఉంటాయి. బల్ల మీదికి వంగినప్పుడు నల్లపూసలు ఐరన్ మీద పడకుండా జాకెట్టు లోపలికి దోపుకుంటుంది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతుంది.

ఇవాళ ఆమెకు ఇక్కడ చివరి రోజు. ఆ సంగతి గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

భర్త గంగాధర్ ఇన్నాళ్ళూ కొల్లేటి చేపల వ్యానులో ఐసుపెట్టెలు చూసుకుంటూ తిరిగేవాడు. ఇప్పుడు కైకలూరులో చేపల ప్యాకింగు షెడ్డులో మేస్త్రీ పని దొరికింది. రేపు తెల్లవారేసరికి అక్కడుండాలి. సామాను నిన్ననే వ్యానులో వెళ్ళిపోయింది. సాయంత్రం నాలుగున్నరకు గుణదల పడవలరేవు దగ్గర తాము అద్దెకుండే గదికి వచ్చి, భార్యనూ పిల్లనూ తీసుకుని బస్సెక్కిస్తాడు. పది రోజులుగా రోజూ అడుగుతున్నాడు, "మీ గురువుగారికి చెప్పావా?" అని. మొదట్లో "చెప్తాను" అంది. మొన్నటి నుంచి "ఆ, చెప్పాను" అంటోంది.

చెప్పకపోవడానికి కారణం ఉంది. వెంకటప్పయ్యగారికి ఒక పట్టింపు. పని మానేస్తున్నానని ఎవరైనా చెబితే, ఆ నిమిషంలోనే వాళ్ళ ఐరన్ ప్లగ్గు తీసేస్తారు. కోపంతో కాదు. కింద హోటల్నుంచి టీ, బోండాలు తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, మంచి మాటలు చెప్పి పంపుతారు. కానీ మళ్ళీ ఒక్క అతుకు పెట్టనివ్వరు. పోయే చెయ్యి పెట్టిన అతుకు పైకి మెరుస్తుంది గాని లోపల అంటుకోదని ఆయన నమ్మకం. వెనకెప్పుడో బసవయ్య అనేవాడు హైదరాబాదు వెళ్ళిపోయే రోజు ఒక ఆంప్లిఫయరు చేసి ఇచ్చాడట. అది పెళ్ళిపందిట్లో సరిగ్గా తాళి కట్టే వేళకు మూగబోయింది. విప్పి చూస్తే మూడు అతుకులు పొడిగా, పట్టు లేకుండా ఉన్నాయి. అప్పట్నుంచీ ఎవరు మానేసినా, వాళ్ళు ఆ రోజు చేసిన పనంతా కత్తిరించి మళ్ళీ వేయిస్తారు.

అందుకే ఆమె నోరు మెదపలేదు. బల్ల మీద ఆమె పని ఒకటి మిగిలి ఉంది. అది ఆమె సొంత పని.

జనవరిలో వెంకటప్పయ్యగారు ఏదో విదేశీ పత్రికలోంచి జిరాక్సు తీసిన కాగితం ఒకటి తెచ్చారు. అరచేతిలో పట్టే బొమ్మ. వీపు మీద సోలార్ ప్లేటు, కింద రెండు చిన్న మోటార్లు. ఎండ ఎటుంటే అటు దానంతటదే గెంతుకుంటూ పోతుంది. బ్యాటరీ లేదు. సర్క్యూటులో ఒక చిప్పు ఉంది. దాని కోసం ఆయన మద్రాసు దాకా ఫోన్లు చేయించినా దొరకలేదు. "అది లేనిదే ఇది బొమ్మ కాదు, పెంకు ముక్క" అని కాగితం మడిచేస్తుంటే పద్మశ్రీ ఇలా ఇవ్వండి అని తీసుకుంది.

ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు. పాలిటెక్నిక్కులో రెండో ఏడు మధ్యలో పెళ్ళయింది. పుస్తకాలు అమ్మగారింట్లో గాదె మీద ఉండిపోయాయి. ఆ ఇల్లు కొల్లేటి అంచున. నాన్న చేపల చెరువు కాపలా ఉండేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట గట్టు మీద తిరుగుతూ ఆమె చూసింది ఒకటే: తూము తలుపు కాస్త కాస్తగా తెరిచి ఉంచితే నీళ్ళు కారిపోతాయి గాని కాలవ పారదు. చెరువు నిండేదాకా బిగించి ఉంచి, నిండాక ఒక్కసారి ఎత్తాలి. కాగితం మీదున్న చిప్పు చేసే పని కూడా అదే. ప్లేటు ఇచ్చే కొద్దిపాటి కరెంటు కెపాసిటరులో నిండుతుంది. మూడు వోల్టులు నిండేదాకా ట్రిగ్గరు అనే తలుపును బిగించి ఉంచాలి. నిండగానే ఒక్కసారి ఎత్తాలి. మోటారుకు ఒక్క తాపు తగిలి బొమ్మ అంగుళం గెంతుతుంది. మళ్ళీ నిండాలి, మళ్ళీ గెంతాలి.

చిప్పు లేకుండా, ఇక్కడ ఏ కొట్లోనైనా గుప్పెడు ఇచ్చే నాలుగు డయోడ్లు, రెండు ట్రాన్సిస్టర్లతో ఆమె ఆ తలుపు కట్టింది. కట్టడానికి నలభై రోజులు పట్టింది. అన్నం కలుపుతూ పళ్ళెం అంచున గీతలు గీసుకునేది. పిల్లను ఉయ్యాల్లో ఊపుతూ వోల్టులు లెక్క వేసుకునేది. రెండు మోటార్లకూ కలిపి ఒకటే ట్రిగ్గరు. వెలుతురు ఎటు ఎక్కువుంటే బొమ్మ అటు మళ్ళేలా రెండింటికీ చెరో కన్ను. మార్చిలో మొదటిది కిటికీ గట్టు మీద గెంతిననాడు వెంకటప్పయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. బల్లకు అవతలివైపు కూర్చునే అబ్రహాము మాత్రం, "ఇది గెంతుడు పురుగు" అని పేరు పెట్టాడు. ఆ పేరే ఉండిపోయింది.

మైలవరంలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు వేసవి శిబిరం కోసం ఎనభై పురుగులు తీసుకెళ్ళారు. నిన్న మధ్యాహ్నం అక్కడినుంచి ఫోను వచ్చింది. ఎనభైలో ఒక్కటీ కదలడం లేదు.

"పొద్దున ఎనిమిదింటికి కొద్దిగా గెంతాయంట. పది దాటాక చచ్చిన ఎండ్రకాయల్లాగా పడున్నాయంట" అన్నారు వెంకటప్పయ్యగారు ఇప్పుడు మళ్ళీ, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "ఎండ ఎక్కువయ్యేకొద్దీ బాగా గెంతాల్సింది పోయి ఆగిపోవడమేంటమ్మాయ్. నాకు అంతుబట్టడం లేదు. ఇవాళ సాయంత్రానికి తేలకపోతే అన్నీ వెనక్కి తెప్పించేద్దాం. ఈ ఐటం వదిలేద్దాం. మనకి బెల్లులున్నాయి, దీపాలున్నాయి."

"ఇక్కడ బాగానే గెంతుతున్నాయి కదండీ."

"అదేగా నేననేది. ఇక్కడి ఎండా ఎండే, అక్కడి ఎండా ఎండే."

కిటికీ గట్టు మీద రోహిణి కార్తె ఎండ ఫెళ్ళున పడుతోంది. అందులో ఒక పురుగు టక్కున గెంతింది. కాసేపు ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్ళీ టక్కున గెంతింది. పద్మశ్రీ దాన్నే చూస్తూ కూర్చుంది. ఇక్కడ ఇంత చక్కగా ఉన్నది అక్కడికి పోయి ఎందుకు మొరాయించింది? తన బుర్రలోంచి పుట్టినది లోకంలో ఇదొక్కటే. రేపట్నుంచి తను ఇక్కడ ఉండదు. ఇవాళ తేలకపోతే, పద్మశ్రీ అనే అమ్మాయి ఏదో పనికిరానిది చేసి పారిపోయిందనే మాట ఒక్కటే ఈ గదిలో మిగులుతుంది.

పదకొండింటికి కరెంటు పోయింది. ఫాను రెక్కలు నెమ్మదిగా నిలబడ్డాయి. వేసవి కోత, ఒంటిగంట దాకా రాదు. రేకుల వేడి ఒక్కసారిగా నెత్తిమీద కూర్చున్నట్టయింది. పద్మశ్రీ లేచి ఫోను దగ్గరికి వెళ్ళింది. ఇంటివాళ్ళావిడ సంపూర్ణమ్మ దగ్గర పాపను వదిలి వచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడు పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపించింది. కిందటి వేసవిలో ఇలాగే వెచ్చగా మొదలై, జ్వరం నెత్తికెక్కి, కళ్ళు తేలేసి కొట్టుకుంది. ఆ రెండు నిమిషాలు అప్పట్నుంచీ ఆమె వెన్నులోంచి పోలేదు.

"పిన్నిగారూ, నేనండీ పద్మని. పాప ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, నా పోపులపెట్టె బోర్లించి ఆవాలూ మెంతులూ ఏకం చేసింది. నేను ఏరుకుంటున్నా. ఇది మూడోసారమ్మా నువ్వు ఫోన్ చెయ్యడం."

"కరెంటు పోయిందా అక్కడ?"

"పోయింది. విసనకర్ర ఉందిగా. నలుగుర్ని పెంచాను, ఫాన్లు పెట్టుకుని పెంచానా ఏంటి?"

"ఒళ్ళు చూడండి ఒకసారి. నుదురు కాదండీ, మెడ కింద. అరచేత్తో కాదు, చేతి వెనకవైపు ఆనించి చూడండి."

అవతల పాప ఏదో గొణగడం, గాజుల చప్పుడు.

"పొద్దుటిలాగే ఉంది. ఏం పెరగలేదు. నీ ఒళ్ళు చూసుకో ముందు" అని సంపూర్ణమ్మ పెట్టేసింది.

పద్మశ్రీ బల్ల దగ్గరికి వచ్చింది. ఏదో తేడాగా ఉంది. గదిలో ఒక చప్పుడు తగ్గింది. ఫాను చప్పుడు పోయింది సరే, ఇంకోటి కూడా. కిటికీ వైపు చూసింది. పురుగు కదలడం లేదు. ఎండ అలాగే ఉంది. నీడ పడలేదు. పురుగు మాత్రం చచ్చినట్టు పడి ఉంది.

ఆమె దాని దగ్గరికి వెళ్ళి, ఎందుకో, చేతి వెనకవైపు దాని వీపుకు ఆనించింది. చురుక్కుమంది. వెంటనే చెయ్యి తీసుకుంది. అక్కడే నిలబడిపోయింది.

ఆ తర్వాత చేసిందంతా గబగబా, ఎవరైనా వద్దంటారేమోనన్నట్టు చేసింది. మీటరు తెచ్చి ప్లేటుకు పెట్టింది. రెండు పాయింటు తొమ్మిది. మూడుకు చుక్క తక్కువ. కిందటేడు డాక్టరు చెప్పినప్పట్నుంచీ పాప పాత గౌను చింపిన ముక్క ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉంటుంది, దారిలో ఎక్కడైనా అవసరపడితే తడిపి వెయ్యడానికి. దాన్ని తీసి, కూజా నీళ్ళతో తడిపి, మడత పెట్టి, ప్లేటు కిందవైపు అంటేలా ఆనించి పట్టుకుంది. పైన ఎండ, కింద తడిగుడ్డ. మీటరు ముల్లు వణికింది. నెమ్మదిగా ఎక్కింది. మూడు. మూడు దాటింది. పురుగు ఆమె వేళ్ళ మధ్య టక్కున తన్నుకుంది.

"గురువుగారూ" అంది. "దీనికి జ్వరం అండీ."

అబ్రహాము పకపకా నవ్వాడు. నలభై దాటిన మనిషి, గుణదల వాడే, ఏ మాటకైనా ముందు నవ్వి తర్వాత ఆలోచిస్తాడు. "అయితే మాత్ర వెయ్యి చెల్లెమ్మా."

వెంకటప్పయ్యగారు నవ్వలేదు. వచ్చి మీటరు చూశారు. గుడ్డ తీయించి చూశారు, పెట్టించి చూశారు. ఆగిపోయిన ఫాను వైపు తిరిగి, దాని ముఖం సరిగ్గా కిటికీ గట్టుకే ఉండటం గమనించి, చిన్నగా తల కొట్టుకున్నారు.

"మార్చి నుంచీ మనం దీన్ని ఫాను కింద కూర్చోబెట్టి ఆడిస్తున్నాం" అన్నారు. "ఒక్కళ్ళకైనా తట్టలేదు. అక్కడ బడి మైదానంలో దీనికి ఫాను ఎవడు పెడతాడు."

"ప్లేటు కాలేకొద్దీ వోల్టు తగ్గిపోతోందండీ. మూడు నిండితేనే కదా మన తలుపు లేచేది. నిండదు. అందుకని ఎండ తగ్గేదాకా అలా పడుంటుంది."

"తెలిసిపోయిందిగా. ఒక డయోడు పీకెయ్. రెండున్నరకే లేస్తుంది. అయిపోయింది."

పద్మశ్రీ తడిగుడ్డను మడత విప్పకుండానే కిటికీ ఊచకు ఆరేసింది. పెద్దాయన మాటకు ఎదురు చెప్పడం ఆమెకు చేతకాదు. చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "పీకేస్తే మధ్యాహ్నం గెంతుతుందండీ. పొద్దున చల్లపూట మాత్రం సగం నిండకుండానే తలుపు లేచిపోతుంది. ఆ తాపుకి బలం చాలదు. వణుకుతుంది గాని కదలదు."

"పొద్దున కదలకపోతే ఏంపోయింది? శిబిరం మధ్యాహ్నం దాకా ఉంటుంది."

"పిల్లలు పొద్దున్నే వస్తారు కదండీ."

ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, "సరే, ఒంటిగంట దాకా ఎలాగూ కరెంటు లేదు. ఆలోచించు" అని కుర్చీలోకి వెళ్ళి అట్టముక్కతో విసురుకోసాగారు.

ఆమె ఆలోచించింది. క్యారేజీ మూత తీసింది గాని తినలేదు. గడియారం పన్నెండూ పది అయింది, పన్నెండున్నర అయింది. గది వదిలి వెళ్ళిపోవాలనీ, పాప దగ్గర ఉండాలనీ ఒక కాలు లాగుతోంది. పురుగును బోర్లాతిప్పి చూస్తే, నాలుగు డయోడ్లూ అడుగు బోర్డు మీద, ప్లేటు నీడలో, చల్లగా, హాయిగా వరుసగా కూర్చుని ఉన్నాయి. పైన ఒకటి మాడిపోతుంటే కింద ఇవి ఏమీ ఎరగనట్టు తమ లెక్క తాము పట్టుకుని కూర్చున్నాయి. అప్పుడు ఆమెకు పాలిటెక్నిక్కు ల్యాబు గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు ఆఖరి వారంలో కాబోలు. మేడమ్ ఒక డయోడుకు వేడి ఐరన్ దగ్గరగా తెచ్చి, మీటరు ముల్లు దిగడం చూపించింది. వేడికి దీని పట్టు సడలుతుంది, రాసుకోండి అంది. పద్మశ్రీ రాసుకుంది. పరీక్షకు మాత్రం వెళ్ళలేదు.

ఆ నాలుగింటినీ తీసుకెళ్ళి ప్లేటు వీపుకే అంటించేస్తే? ప్లేటు కాలితే ఇవీ కాలతాయి. దాని వోల్టు ఎంత దిగితే వీటి పట్టూ దాదాపు అంత సడలుతుంది. చల్లపూట రెండూ బిగుస్తాయి. ఎండపూట రెండూ వదులవుతాయి. ఎవరూ వచ్చి ఏమీ మార్చనక్కర్లేదు.

పెన్సిలు తీసుకుని అట్ట వెనక గీసింది. చెరిపింది. మళ్ళీ గీసింది. ఒంటిగంటకు కరెంటు వచ్చి ఫాను కదలబోతే చటుక్కున లేచి స్విచ్ ఆపేసింది.

"ఇదేం శిక్షమ్మా" అన్నాడు అబ్రహాము.

"ఇవాళ ఇక్కడ మైలవరం అన్నయ్యా. ఫాను లేదు."

ఆమె చెయ్యి అలవాటుగా ఐరన్ మీదికి వెళ్ళింది. పట్టుకుంది. స్పాంజి దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగింది. పోయే చెయ్యి. ఆ నమ్మకం ఆమెకు ఉందా లేదా అంటే ఆమెకే తేలదు. పిల్ల పుట్టినప్పట్నుంచీ ఏ నమ్మకాన్నీ గట్టిగా కాదనే ధైర్యం పోయింది. తనకు ఉన్నా లేకపోయినా ఆయనకు ఉంది. రేపు తను రానప్పుడు సంగతి తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం ఆయన కట్టరు తీసి, ఇవాళ ఈ చెయ్యి వేసిన ప్రతి అతుకునూ కత్తిరిస్తారు. కత్తిరించాక, ఆ గజిబిజిలో, ఇంత గొడవ మనకెందుకు, ఒక డయోడు పీకెయ్ అంటారు.

ఐరన్ స్టాండులో పెట్టేసింది.

"అన్నయ్యా, నువ్వు ఇటు రా. నువ్వు వెయ్యి. నేను చెప్తాను."

"నా వేళ్ళు చూశావా? అరటికాయలు. ఇంత సన్నపని నావల్ల కాదు."

"అవుతుంది. కూర్చో."

అబ్రహాము కూర్చున్నాడు. పొద్దున బోర్డులో ఆమె వేసిన నాలుగు డయోడ్ల అతుకులూ ముందు ఊడదీయించింది. ఎలాగూ ఆ డయోడ్లు అక్కడినుంచి లేవాల్సిందే. తర్వాత వాటి కాళ్ళకు సన్న తీగలు కట్టించింది. ప్లేటు వీపుకు బంక రాయించి వరుసగా అంటించింది. ఒక అతుకు బూడిదరంగుగా, పొంగినట్టు వచ్చింది. పీకి మళ్ళీ వేయించింది. రెండోసారీ అలాగే వచ్చింది. మళ్ళీ వేయించింది. చెమట అతని ముక్కు కొసనుంచి బోర్డు మీద పడబోతే కొంగు అడ్డం పెట్టింది.

"నీ చేత్తో అయితే ఈపాటికి రెండు అయ్యేవి" అన్నాడు అతను. "నువ్వే వెయ్యరాదూ?"

"నీకూ రావాలిగా."

"ఏం, రేపట్నించి నువ్వు రావా ఏంటి?"

అతను నవ్వుతూనే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. "తీగ అంత పొడుగు ఉంచకు. ఇక్కడికి కత్తిరించు" అంది.

కుర్చీలోంచి వెంకటప్పయ్యగారు అన్నారు, "వాడి చెయ్యి మొరటు. నువ్వే వేసెయ్యకూడదటమ్మాయ్, టైమవుతోంది."

"అయిపోతోందండీ. అన్నయ్య బాగానే వేస్తున్నాడు."

రెండున్నర. మూడు. ఇంకోసారి ఫోను చేసింది. పాప పడుకుందనీ, ఒళ్ళు పొద్దుటికన్నా కాస్త ఎక్కువే కాలుతోందనీ, కంగారుపడవద్దనీ సంపూర్ణమ్మ చెప్పింది. కంగారుపడవద్దని చెప్పాక ఆమె కూర్చోలేకపోయింది. అబ్రహాము వెనక నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉంది.

మూడుంబావుకు ఆఖరి అతుకు పడింది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టారు. ఫాను లేదు, గాలి లేదు, రేకులు గానుగలా పిండుతున్నాయి. ముగ్గురూ చెమటలు కారుతూ నిలబడ్డారు. ఒక నిమిషం గడిచింది. పురుగు కదల్లేదు. పద్మశ్రీ చేతి వెనకవైపు ఆనించి చూసింది, కాలుతోంది. ఇంకో అర నిమిషం. ఆమె పెదవులు కదులుతున్నాయి. అంకెలు లెక్కపెడుతోందో, ఏ దేవుణ్ణయినా పిలుస్తోందో తెలియదు.

టక్.

ఆగింది. నిండింది. టక్. ఎండ పక్కకు జరిగిన వైపు ఓరగా మళ్ళి, ఇంకోసారి టక్.

తర్వాత దాన్ని నీళ్ళ కూజా కింద తడి గచ్చు మీద చల్లారబెట్టి, మళ్ళీ ఎండలోకి తెచ్చారు. చల్లగా ఉన్నప్పుడూ అదే తాపు, అదే అంగుళం. అబ్రహాము "నా వేళ్ళు" అని తన చేతులవైపు తనే చూసుకున్నాడు. వెంకటప్పయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఈసారి ఒక మాట కూడా అన్నారు. "చదువు మధ్యలో ఆపేశావు గాని, అమ్మాయ్" అని అంతటితో ఆపేశారు.

ఇప్పుడు చెప్పవచ్చు. ఈ పురుగులో ఆమె చెయ్యి ఇవాళ వేసిన అతుకు ఒక్కటీ లేదు. ఇప్పుడు చెబితే ఐరన్ ప్లగ్గు తీసేసినా పోయేదేమీ లేదు. టీ వస్తుంది, బోండాలు వస్తాయి. పద్మశ్రీ జాకెట్టులోంచి నల్లపూసలు పైకి తీసి సర్దుకుంది. "గురువుగారూ" అంది.

ఆయన అప్పటికే మైలవరానికి ఫోను కలిపారు. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి చూపించారు. "ఆ, దొరికిందండీ జబ్బు. మీరేం వెనక్కి పంపక్కర్లేదు. రేపు పొద్దున్నే మేమే వస్తాం. మా అమ్మాయి వస్తుంది. దీన్ని కట్టింది ఆ అమ్మాయేనండీ. అవును, ఆడపిల్లే. మీ పిల్లల కళ్ళముందే ఎనభైకీ మార్చి ఇస్తుంది. వాళ్ళకి వివరంగా చెప్పమంటాను కూడా." ఫోను చేత్తో మూసి ఆమె వైపు తిరిగారు. "పొద్దున ఆరున్నరకి బస్టాండు దగ్గరికి వచ్చెయ్. బండి మాట్లాడతాను."

పిల్లల కళ్ళముందు. ఆమెకు ఒక్క క్షణం ఆ మైదానం, చుట్టూ గుమిగూడిన పిల్లలు, మధ్యలో తనూ కనిపించారు.

"అలాగేనండీ" అంది.

ఆయన మళ్ళీ ఫోనులో పడ్డారు. ఆమె గీసిన అట్టముక్కను అబ్రహాము ముందు పెట్టి, ఏ తీగ ఎక్కడికో మరోసారి వేలితో చూపించింది. అతను తల ఊపాడు. సంచి భుజానికి తగిలించుకుంది. మెట్లు దిగుతుంటే పైనుంచి ఆయన గొంతు ఇంకా వినిపిస్తోంది, మా అమ్మాయి, మా అమ్మాయి అని. చివరి మెట్టు దగ్గర ఆగి, ఒక కాలు మళ్ళీ పైకి పెట్టింది. గడియారం నాలుగు దాటి ఉంటుంది. పాప ఒళ్ళు కాలుతోంది. కాలు దించి, ఆటో కోసం రోడ్డు దాటింది.

బస్సు ఉయ్యూరు దాటేటప్పటికి ఎండ వాలింది. కాలవ పక్కన గాలి కాస్త చల్లగా వచ్చింది. పాప తండ్రి భుజం మీద తలవాల్చి, చేతిలో బిస్కెట్టు పట్టుకునే నిద్రపోయింది. జ్వరం దానంతటదే దిగుతోంది. అయినా పద్మశ్రీ సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. అడుగుదాకా వెతికింది.

"ఏం పోయింది?" అన్నాడు గంగాధర్.

"ఏం లేదు."

"మీ గురువుగారు ఏమన్నారు?"

"మంచివారు" అంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు ఆరున్నర నుంచి ఏడున్నర దాకా వెంకటప్పయ్యగారు బస్టాండు బయట బండి పక్కన నిలబడ్డారు. ఆ తర్వాత అబ్రహాము పక్క కొట్టునుంచి సంపూర్ణమ్మకు ఫోను చేసి వచ్చి, ఆ అమ్మాయి నిన్న సాయంత్రమే ఊరు వదిలి వెళ్ళిపోయిందని చెప్పాడు. పెద్దాయన బండెక్కి, ఒళ్ళో ఉన్న అట్టపెట్టెలోంచి నిన్నటి పురుగును తీశారు. జేబులోంచి కట్టరు తీశారు. ప్లేటు కిందికి దాని ముక్కు పోనిచ్చి, ఆగారు.

"ఇందులో నిన్న ఆ అమ్మాయి వేసినవి ఏవిరా?"

"ఒక్కటీ లేదండీ" అన్నాడు అబ్రహాము. "అన్నీ నాచేతే వేయించింది. పొద్దున తను వేసినవీ ఊడదీయించింది."

"ఒక్కటీ?"

"ఒక్కటీనండీ."

ఆయన కట్టరు మూసి జేబులో పెట్టుకున్నారు. బయటకు, కొండపల్లి వైపు రోడ్డులోకి చూస్తూ కూర్చున్నారు. బండి కదిలాక, "పోనియ్" అన్నారు, అది కదిలిపోయిందని తెలియనట్టు.

తాళం వేసిన గదిలో, ఎండ ఇంకా రాని కిటికీ ఊచకు, చింపిన గౌను ముక్క ఒకటి ఆరిపోయి, చిన్న ప్లేటు అంచులు నాలుగువైపులా అచ్చుపడి, బిరుసుగా, మడత విప్పుకోకుండా వేలాడుతోంది.